స్టాంపును కాదు, కవరును చదవండి

పాత ఉత్తరం చేతికి రాగానే స్టాంపు ఉన్న మూలను కత్తిరించి, నీళ్లలో నానబెట్టి, ఊడివచ్చిన బిళ్లను ఆరబెట్టి ఆల్బంలో పెట్టుకోవడం. స్టాంపుల సేకరణ అంటే చాలామందికి తెలిసింది ఇదే. మిగిలిన కవరు చెత్తబుట్టలోకి పోతుంది. ఆ ఉత్తరం ఏ ఊరి నుంచి ఏ దారిన ఎన్ని రోజులు ప్రయాణించింది, దారిలో ఎవరు ఆపారు, ఎవరు విప్పి చూశారు, రుసుము సరిపోయిందా లేదా అన్న సమాచారమంతా దానితోపాటే పోతుంది. స్టాంపు చెల్లించిన డబ్బుకు రసీదు మాత్రమే. ప్రయాణం రాసి ఉండేది కవరు మీద.

ప్రపంచపు తొలి తపాలా బిళ్ల పెన్నీ బ్లాక్ విషయమే చూడండి. 1840 మే 1న లండన్‌లో అమ్మకానికి వచ్చినా, నిబంధన ప్రకారం అది చెల్లుబాటయ్యేది మే 6 నుంచే. ఆ మధ్య రోజుల్లో కొందరు ఆగలేక అతికించి పంపేశారు, కొన్ని పోస్టాఫీసులు చూసీ చూడనట్టు వదిలేశాయి. మే 2న లండన్ నుంచి ఉత్తర ఇంగ్లండ్‌లోని బెడ్లింగ్టన్ ఇనుప కర్మాగారం మేనేజరుకు వెళ్లిన ఉత్తరం వాటిలో ఒకటి. అందుకున్న మనిషి ఆ కాగితాన్నే లోపలి వైపు బయటకు తిప్పి మరో ఊరికి పంపాడు కూడా. అందులోని తమాషా ఏమిటంటే, అప్పట్లో స్టాంపు మీద కొట్టిన మాల్టీస్ శిలువ ముద్రలో తేదీ ఉండదు. తేదీ ముద్రను కాగితం మీద వేరేచోట కొట్టేవారు. ఆ స్టాంపును నానబెట్టి ఊడదీసి ఉంటే, కోట్లలో అచ్చయిన పెన్నీ బ్లాకుల్లో అదీ ఒకటి అయ్యేది. మే 2 అన్న సాక్ష్యం కాగితంతోపాటు పోయేది.

కవర్లు సేకరించేవాళ్లు తమ పనిని తపాలా చరిత్ర అంటారు. పేరు కాస్త బరువుగా ఉన్నా పని సూటిగానే ఉంటుంది. ఒక కవరు తీసుకుని, దాని మీద ఉన్న ప్రతి గుర్తూ అక్కడికి ఎందుకు వచ్చిందో చెప్పగలగాలి. చెప్పలేని గుర్తు ఒక్కటి మిగిలినా ఆ కవరు ఇంకా చదవడం పూర్తి కానట్టే.

ముద్రకు రెండు పనులు

తపాలా ముద్ర స్టాంపు కంటే దాదాపు 180 ఏళ్లు పెద్దది. 1661లో ఇంగ్లండ్ పోస్ట్‌మాస్టర్ జనరల్ హెన్రీ బిషప్ ఉత్తరాల మీద ఒక చిన్న ముద్ర వేయించడం మొదలుపెట్టాడు. వృత్తం, మధ్యలో అడ్డగీత, ఒక సగంలో నెల పేరులోని రెండక్షరాలు, మరో సగంలో తేదీ. అంతే. జనం ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని ఫిర్యాదు చేస్తుంటే, తపాలా మోసేవాళ్లు వాటిని దగ్గర పెట్టుకోకుండా చూడటానికి ఈ ఏర్పాటు. అంటే ముద్ర పుట్టింది సిబ్బంది మీద నిఘాగా.

స్టాంపు వచ్చాక రెండో పని తోడైంది. ఒకసారి వాడిన స్టాంపును మళ్లీ వాడకుండా చెడగొట్టాలి. మాల్టీస్ శిలువకు మొదట వాడిన ఎర్ర సిరాను జనం తుడిచేసి స్టాంపును మళ్లీ అతికించసాగారు. పైగా నల్ల స్టాంపు మీద ఎరుపు సరిగా కనిపించేది కాదు. 1841లో రెండింటినీ తారుమారు చేశారు. స్టాంపు ఎరుపైంది, ముద్ర నలుపైంది.

తేదీ చెప్పే ముద్ర, స్టాంపును చెడగొట్టే ముద్ర. ఈ రెండూ వేర్వేరని గుర్తుంటే 19వ శతాబ్దపు కవర్లలో సగం చిక్కుముడులు విడిపోతాయి. 1844 నుంచి బ్రిటన్‌లో శిలువ స్థానంలో అడ్డగీతల మధ్య అంకెలున్న ముద్రలు వచ్చాయి. ఒక్కో పోస్టాఫీసుకు ఒక్కో సంఖ్య. తర్వాత తేదీ వృత్తాన్ని, అంకెల ముద్రను ఒకే పిడికి బిగించి ఒక్క దెబ్బకు రెండూ పడేలా చేశారు. సేకర్తలు దీన్ని డ్యూప్లెక్స్ అంటారు. యంత్రాలు వచ్చాక చెడగొట్టే భాగం అలల గీతలుగా, ఆ తర్వాత ప్రచార నినాదాలుగా మారింది.

అంకెల ముద్రల పుణ్యమా అని కవరు పోయిన స్టాంపు కూడా అరుదుగా నోరు విప్పుతుంది. బ్రిటన్ స్టాంపు మీద సీ51 అని ఉంటే అది బ్రిటన్‌లో వాడింది కాదు. కరీబియన్‌లో అప్పటి డెన్మార్క్ పాలనలో ఉన్న సెయింట్ థామస్ దీవిలోని బ్రిటిష్ తపాలా కార్యాలయంలో వాడింది. ఏ25 అయితే మాల్టా, ఏ26 అయితే జిబ్రాల్టర్, బీ01 అయితే అలెగ్జాండ్రియా. చూడటానికి అన్నీ విక్టోరియా రాణి బొమ్మ ఉన్న మామూలు బిళ్లలే.

అంకెలు కలవాలి

కవరు చేతికి వస్తే నేను బొమ్మ చూడను, ముందు లెక్క చూస్తాను. ఆ తేదీన ఆ దేశం నుంచి ఆ గమ్యానికి అంత బరువున్న ఉత్తరానికి రుసుమెంత? అతికించిన స్టాంపుల విలువ ఎంత? రెండూ కలిస్తే అది నిజంగా పని మీద వెళ్లిన ఉత్తరం అనడానికి మొదటి ఆధారం దొరికినట్టు. కలవకపోతే ఎందుకో కవరే చెప్పాలి. ఎక్కువ అతికించి ఉంటే రిజిస్టరు చార్జీనో, విమాన చార్జీనో కలిసి ఉండాలి. లేదంటే రంగురంగుల స్టాంపులు వరసగా అతికించిన సేకర్త చేతివాటం అయి ఉండాలి. తక్కువైతే ఎక్కడో ఒకచోట టీ అన్న అక్షరం పడి ఉండాలి. తక్కువ రుసుము వసూలు చేయాలని గమ్యస్థానానికి చెప్పే అంతర్జాతీయ గుర్తు అది. చేరిన దేశం తన బాకీ స్టాంపు అతికించి అందుకున్నవాళ్ల దగ్గర డబ్బు రాబట్టేది.

1875కు ముందు విదేశీ ఉత్తరాల లెక్క ఇంకా చిక్కుగా ఉండేది. దారిలో తగిలే ప్రతి దేశానికీ దాని వాటా ఇవ్వాలి. అందుకే ఆనాటి కవర్ల మీద నీలం, ఎరుపు సిరాలతో గజిబిజిగా రాసిన అంకెలు కనిపిస్తాయి. అవి ఒక దేశపు తపాలాకు మరో దేశపు తపాలా పడిన బాకీలు. 1874 అక్టోబరు 9న బెర్న్‌లో 22 దేశాలు ఒప్పందం చేసుకుని, మరుసటి ఏడాది జులై నుంచి దీన్ని సరళం చేశాయి. ఎవరు వసూలు చేసిన రుసుము వారిదే, చేరిన దేశం వేరే రుసుము అడగకుండా బట్వాడా చేయాలి. ఇవాళ విశ్వ తపాలా సంఘం అని పిలిచేది ఈ ఏర్పాటునే. కవర్ల మీది చేతి అంకెలు ఆ తర్వాత పలచబడిపోవడం కళ్లకు కడుతుంది.

లెక్క ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి 1923 నాటి జర్మనీని మించిన ఉదాహరణ లేదు. ద్రవ్యోల్బణం కట్టలు తెంచుకున్న ఏడాది అది. జనవరి మధ్యలో దూరప్రాంతపు ఉత్తరానికి 50 మార్కులు సరిపోయేవి. నవంబరు 20 నాటికి 2 వేల కోట్ల మార్కులు కావాల్సి వచ్చింది. నవంబరు 26న అది 8 వేల కోట్లు, డిసెంబరు 1న 10 వేల కోట్లు. కొత్త ధరలకు తగిన స్టాంపులు అచ్చు వేసే తీరికే లేకపోయింది. దాంతో నవంబరు 26 నుంచి 30 వరకు ఉన్న స్టాంపులన్నీ వాటి మీద అచ్చయిన విలువకు నాలుగు రెట్లుగా చెల్లుతాయని ప్రకటించారు.

ఇప్పుడు 2 వేల కోట్ల మార్కుల స్టాంపు ఒక్కటే అతికించిన కవరు ఒకటి ఉందనుకోండి. ముద్రలో నవంబరు 22 అని ఉంటే రుసుము అచ్చంగా సరిపోయింది. నవంబరు 28 అని ఉంటే అదే స్టాంపు 8 వేల కోట్ల పని చేసింది, అదీ సరిపోయింది. డిసెంబరు 2 అని ఉంటే పదిలో ఎనిమిది వంతులు తక్కువ పడింది, బాకీ గుర్తు ఉండాలి. స్టాంపు ఒకటే, కవరు ఒకటే. ముద్రలోని రెండంకెలు మారితే కథ మారిపోతుంది. ఆ అయిదు రోజుల ముద్ర ఉన్న అసలు కవర్ల కోసం సేకర్తలు వెతకడం, ఆ స్టాంపునే విడిగా పట్టించుకోకపోవడం అందుకే.

బయలుదేరకముందే చేరిన ఉత్తరం

ముద్రలో తేదీ స్పష్టంగా కనిపించినంత మాత్రాన తేదీ తెలిసిందనుకోకూడదు. 1910 జనవరి 20న బెర్లిన్‌లో పోస్టు చేసిన ఉత్తరం వెనుక సెయింట్ పీటర్స్‌బర్గ్ ముద్రలో జనవరి 9 అని ఉండవచ్చు. పోస్టు చేయడానికి పదకొండు రోజుల ముందే చేరిందన్నమాట! రష్యా అప్పటికీ జూలియన్ పంచాంగాన్నే పాటించేది. పశ్చిమ యూరప్ కంటే అది 13 రోజులు వెనుకబడి ఉండేది. 19వ శతాబ్దంలో అయితే 12 రోజులు. లెక్క సరిచేస్తే ఉత్తరం రెండు రోజుల్లో చేరిందని తేలుతుంది. 1918లో జనవరి 31 తర్వాతి రోజును ఫిబ్రవరి 14గా ప్రకటించి రష్యా ఈ తేడాను తీసేసింది.

జపాన్ ముద్రలు మరో రకం పరీక్ష పెడతాయి. 39.10.10 అని ఉన్న ముద్రను కొత్తవాళ్లు 1939 అక్టోబరు 10 అని చదివేస్తారు. ఏడాది, నెల, రోజు అన్న వరస సరిగానే పట్టుకున్నారు కానీ, ఆ 39 చక్రవర్తి పాలనా సంవత్సరం. షోవా చక్రవర్తి శకంలో 39 అంటే 1964. ఆ రోజే టోక్యో ఒలింపిక్స్ ప్రారంభమయ్యాయి. ఒక చక్రవర్తి శకం ముగిసి మరొకటి మొదలైతే లెక్క మళ్లీ ఒకటికి వస్తుంది. కాబట్టి ముద్రలో 5 అని ఉంటే అది 1930 కావచ్చు, 1993 కావచ్చు, 2023 కూడా కావచ్చు. స్టాంపు ఎప్పుడు విడుదలైందో చూస్తేనే తేలుతుంది. తైవాన్ ముద్రల్లోని సంవత్సరానికి 1911 కలపాలి. థాయిలాండ్ బౌద్ధ శకం నుంచి 543 తీసేయాలి. యూరప్‌లో చాలాచోట్ల నెలను రోమన్ అంకెల్లో వేసేవారు. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత.

ఊరి పేరు కూడా అంతే. ఇవాళ ఉక్రెయిన్‌లో ఉన్న లివీవ్ ముద్రలు వరసగా పేర్చుకుంటే ఇరవయ్యో శతాబ్దపు తూర్పు యూరప్ చరిత్ర కట్టగట్టుకుని వస్తుంది. ఆస్ట్రియా కింద లెంబర్గ్, 1918 తర్వాత పోలండ్‌లో ల్వూఫ్, 1939లో సోవియట్ సైన్యం వచ్చాక ల్వోవ్, 1941లో జర్మన్లు వచ్చాక మళ్లీ లెంబర్గ్, 1944లో తిరిగి ల్వోవ్, స్వతంత్ర ఉక్రెయిన్‌లో లివీవ్. అదే ఊళ్లో అదే వీధిలో ఉన్న ఒక మనిషి ఇల్లు కదలకుండానే ఇన్ని ముద్రలతో ఉత్తరాలు పంపి ఉండవచ్చు.

దీనికి తలకిందులుగా ఉంటుంది కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) సంగతి. అక్కడ ఒకే కాలంలో ఆస్ట్రియా, ఫ్రాన్స్, బ్రిటన్, జర్మనీ, రష్యా, ఇటలీ తలా ఒక పోస్టాఫీసు నడిపేవి. ఒట్టోమన్ తపాలా ఉండగానే పక్క వీధిలోని మరో దేశపు కార్యాలయంలో, ఆ దేశపు స్టాంపుతో, ఆ దేశపు ముద్రతో ఉత్తరం వేయవచ్చు. 1914లో ఒట్టోమన్ ప్రభుత్వం వాటిని మూయించింది. యుద్ధం తర్వాత కొన్ని మళ్లీ తెరుచుకున్నా 1923 నాటికి అన్నీ ముగిశాయి. షాంఘైలోనూ ఇలాంటి దుకాణాలే ఉండేవి, చైనా 1922 చివరికి వాటిని సాగనంపింది. ఒక దేశం సార్వభౌమాధికారం ఎంత బలంగా ఉందో చెప్పడానికి దాని ఊళ్లలో ఎవరి ముద్రలు పడ్డాయో చూస్తే చాలు.

ఒక దేశపు స్టాంపు మీద మరో దేశపు ముద్ర పడటానికి ఇంత రాజకీయమే ఉండాలని లేదు. నడిసముద్రంలో ఓడ మీద వేసిన ఉత్తరానికి ఆ ఓడ ఏ దేశపు జెండా కింద నడుస్తుందో ఆ దేశపు స్టాంపు అతికించవచ్చు. ఓడ చేరిన రేవులో దాన్ని దించి, అక్కడి తేదీ ముద్రతోపాటు పాక్‌బో అన్న ముద్ర కూడా వేస్తారు. ఈ మాట కనిపించని పక్షంలో నార్వే స్టాంపు మీద హాంబర్గ్ ముద్ర ఎలా వచ్చిందా అని బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిందే.

వెనుక వైపు, అడ్డంకులు

కవరు అమ్మకానికి పెట్టేవాళ్లు ముందు వైపే ఫొటో తీస్తారు. వెనుక వైపు చూపించమని అడగండి. ఒకప్పుడు దారిలోని పోస్టాఫీసులు, చేరిన పోస్టాఫీసు వెనుక ముద్ర వేసేవి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో మామూలు ఉత్తరాలకు చాలా దేశాలు ఈ అలవాటు మానేశాయి. రిజిస్టరు ఉత్తరాలకు మాత్రం కొనసాగించాయి. అందుకే దారి తెలుసుకోవాలంటే రిజిస్టరు కవరు బంగారు గని. ఒక్కోసారి నాలుగైదు ఊళ్ల ముద్రలు తేదీలతో సహా దొరుకుతాయి. రైళ్ల వేళలు, ఓడల రాకపోకల పట్టికలు పక్కన పెట్టుకుంటే ఏ బండి ఎక్కిందో, ఏ ఓడ తప్పిపోయిందో కూడా చెప్పవచ్చు.

అడ్డంకి ఎదురైన ఉత్తరాలు ఇంకా ఎక్కువ మాట్లాడతాయి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సెన్సారు విప్పిన కవరు అంచుకు పీ.సీ. 90 అన్న పట్టీ అతికించి ఉంటుంది, దాని మీద విప్పి చూసిన ఉద్యోగి సంఖ్య ఉంటుంది. అట్లాంటిక్ దాటే టపాను బ్రిటిష్‌వాళ్లు బెర్ముడాలో దించి సోదా చేసేవారు. శత్రు ఆక్రమణలో ఉన్న దేశాల్లోని బంధువులకు బ్రిటన్ నుంచి రాయాలంటే తటస్థ దేశమైన పోర్చుగల్ మీదుగా వెళ్లాలి. థామస్ కుక్ సంస్థ నడిపిన ఆ ఏర్పాటులో జవాబు చిరునామా లిస్బన్, పోస్ట్‌బాక్స్ 506. ఆ చిరునామా తెలియనివాళ్లకు అది పోర్చుగల్ ఉత్తరంలా కనిపిస్తుంది. తెలిసినవాళ్లకు అది రెండు శత్రుదేశాల మధ్య నడిచిన ఉత్తరం.

కవరు మీద ఉలితో పొడిచినట్టు సన్నని కోతలు కనిపిస్తే చిరిగిందని పారేయకండి. కలరా, ప్లేగు రోజుల్లో ఉత్తరాలకు కోతలు పెట్టి పొగ పట్టించేవారు, వెనిగర్‌లో ముంచేవారు. ఆ పద్ధతి పోయిందనుకుంటే, 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ పొడి కలిపిన ఉత్తరాల తర్వాత ప్రభుత్వ కార్యాలయాల టపాను రేడియేషన్‌కు గురిచేశారు. ఆ కవర్లు పసుపు తిరిగి పెళుసుబారిపోయాయి.

1870లో ప్రష్యా సైన్యం పారిస్‌ను చుట్టుముట్టినప్పుడు ఉత్తరాలు బెలూన్లలో బయటకు వెళ్లాయి. సెప్టెంబరు 23న మొదటి బెలూన్ ఎగిరింది. ఉత్తరం బరువు నాలుగు గ్రాములు దాటకూడదు కాబట్టి కాగితం ఉల్లిపొరలా ఉంటుంది. బయటి నుంచి లోపలికి పంపడం మాత్రం అంత తేలిక కాలేదు. పావురాలను వాడారు. జింకు గోళాల్లో ఉత్తరాలు పెట్టి సీన్ నదిలో ఎగువన వదిలారు. ముట్టడి ముగిసేలోగా ఆ గోళాల్లో ఒక్కటీ పారిస్ చేరలేదు. నది అడుగున దశాబ్దాల తర్వాత దొరికిన గోళాల్లోని ఉత్తరాలు ఇప్పుడు సేకర్తల దగ్గరున్నాయి. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో కాలిపోయిన హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్‌లో 17 వేలకు పైగా ఉత్తరాలుండగా, బయటపడినవి నాలుగు వందల లోపే. అంచులు మాడిన ఆ కవర్లకు వేలంలో ఉండే గిరాకీ చూస్తే మనిషి కుతూహలం మీద కాస్త అనుమానం కూడా కలుగుతుంది.

సేకర్తల కోసమే పుట్టిన కవర్లు

ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. ఎవరో వ్యాపారి బాకీ అడుగుతూ రాసిన మాసిన కవరు నాకు నచ్చుతుంది. బొమ్మలు అచ్చేసి, స్టాంపు విడుదలైన మొదటి రోజే నిగనిగలాడే ముద్ర కొట్టి, ఎక్కడికీ వెళ్లకుండా నేరుగా ఆల్బంలోకి వచ్చిన ఫస్ట్ డే కవరు అంతగా నచ్చదు. అమెరికాలో 1923 సెప్టెంబరు 1న అధ్యక్షుడు హార్డింగ్ సంతాప స్టాంపు విడుదలైనప్పుడు జార్జ్ లిన్ అనే ఆయన కవరు మీద ప్రత్యేకంగా అచ్చు వేయించాడు. 1937లో తపాలా శాఖే విడుదల మొదటి రోజు అన్న మాటతో ముద్ర తెచ్చింది. అప్పటి నుంచి ఇదొక పరిశ్రమ. అందంగా ఉంటాయి, కొత్తవాళ్లకు ఒక దేశపు విడుదలలన్నీ వరసగా చూసే వీలుంటుంది. కానీ లక్షల్లో తయారై ఎవరూ పారేయని వస్తువు అరుదు కావడం కష్టం. తాతగారు దాచిన ఫస్ట్ డే కవర్ల పెట్టె తెరిచి సంపద దొరికిందనుకునేవాళ్లకు ఈ మాట చేదుగానే ఉంటుంది.

అంతకంటే పేలవమైనవి అచ్చు షీట్ల మీదే ముద్ర కొట్టి అమ్మిన స్టాంపులు. ముద్ర మూలకు చక్కగా పడి ఉంటుంది, వెనుక జిగురు చెక్కుచెదరదు. తపాలా పెట్టె మొహమే చూడని ఈ బిళ్లలను ఒకప్పటి తూర్పు యూరప్ దేశాలు విదేశీ మారకం కోసం గుట్టలుగా అమ్మాయి.

అయినా సేకర్తల కోసం తయారైందల్లా పనికిరానిదని గీత గీయలేం. టోంగాలోని నియువాఫోవు దీవికి రేవు లేదు. ఓడ దూరంగా నిలబడి ఉత్తరాలను సీలు వేసిన డబ్బాల్లో సముద్రంలోకి వదిలేది, ఈతగాళ్లు వెళ్లి తెచ్చేవారు. 1931లో ఒక ఈతగాడిని సొరచేప చంపేశాక పడవలు వాడటం మొదలైంది. అక్కడ వ్యాపారం చేసే వాల్టర్ క్వెన్సెల్ ఈ టపా మీద టిన్ క్యాన్ మెయిల్ అంటూ రకరకాల భాషల్లో రబ్బరు ముద్రలు వేయసాగాడు. విహార ఓడల్లోని జనం ఎగబడి కొన్నారు. 1946లో అగ్నిపర్వతం పేలి దీవి ఖాళీ అయ్యేదాకా ఇది సాగింది. ఆ కవర్లు వ్యాపారమే, కానీ వాటి కింద నిజమైన అవసరం ఉంది, ఈతగాడి ప్రాణమూ ఉంది.

చంద్రుడి వరకు వెళ్లిన కవర్లూ ఉన్నాయి. 1971లో అపోలో 15 యాత్రలో తపాలా శాఖ అనుమతితోనే చంద్రుడి మీద ఒక కవరుకు ముద్ర వేశారు. అదే యాత్రలో సిబ్బంది అనుమతి లేకుండా మరో 400 దాకా కవర్లు వెంట తీసుకెళ్లారని, వాటిలో వంద ఒక జర్మన్ వ్యాపారి చేతికి చేరాయని తర్వాత బయటపడింది. నాసా వాళ్లను మందలించింది. ఆ ముగ్గురూ మళ్లీ అంతరిక్షంలోకి వెళ్లలేదు.

నకిలీ ముద్రలు

కొన్ని స్టాంపులు వాడనివి చవక, వాడినవి ఖరీదు. చిన్న వలస దీవుల పెద్ద విలువ స్టాంపులను నిజంగా ఉత్తరం మీద వాడేవాళ్లు తక్కువ కదా. అక్కడే మోసానికి తలుపు తెరుచుకుంటుంది. అసలు స్టాంపు మీదే నకిలీ ముద్ర కొట్టవచ్చు. గత శతాబ్దం తొలి సగంలో ఇలా వాడిన దొంగ ముద్రల సరంజామా నాలుగు వందలకు పైగా బయటపడింది. ఎక్కువగా బ్రిటిష్ వలసల ఊళ్లవే. మదాం జోసెఫ్ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈ సరుకు చివరికి లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ చేతికి వచ్చింది. ఏ ఊరి పేరుతో ఏ తేదీ ఉందో పుస్తకంగా అచ్చయింది కాబట్టి, ఆ ఊరు ఆ తేదీ కలిసి కనిపిస్తే సేకర్తలు ఉలిక్కిపడతారు.

కవరు మీద మోసాన్ని పట్టుకోవడానికి మొదట చూసేది ముద్ర స్టాంపు అంచు దాటి కాగితం మీదకు నిరాటంకంగా సాగిందా అని. అంచు దగ్గర గీత తెగినా, వంక మారినా, సిరా రంగులో తేడా ఉన్నా అనుమానించాలి. స్టాంపు తర్వాత అతికించి ఉండవచ్చు. ఆ తర్వాత మళ్లీ పాత లెక్కలే. ఆ తేదీకి ఆ స్టాంపు విడుదలైందా, ఆ ముద్ర అప్పటికి వాడకంలో ఉందా, రుసుము కుదిరిందా, వెనుక వైపు ముద్రలోని తేదీ ముందు వైపు తేదీకి తర్వాతదేనా. దొంగ ముద్ర చెక్కడం తేలికే. ఇన్ని లెక్కలూ ఒకేసారి కుదిరేలా చేయడం కష్టం. ఖరీదైనదైతే నిపుణుల ధ్రువపత్రం లేకుండా కొనకపోవడమే తెలివి.

చేతికి వచ్చేది, చేతిలో నిలిచేది

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ప్రపంచమంతా కావాలని మొదలుపెట్టినవాళ్ల పెట్టెలు నిండుతాయి కానీ పరిజ్ఞానం నిండదు. ఒక ఊరో, ఒక ఓడ మార్గమో, ఒక రుసుము అమల్లో ఉన్న కాలమో ఎంచుకుంటే రెండు మూడేళ్లలో దాని మీద పట్టు వస్తుంది. దూరపు పోస్టాఫీసు ముద్ర కావాలంటే సొంత చిరునామా రాసిన కవరు మీద ఆ దేశపు స్టాంపు అతికించి, మరో కవరులో పెట్టి అక్కడికి పంపి, ముద్ర వేసి తిప్పి పంపమని మర్యాదగా అడగడం పాత పద్ధతి. వేరే దేశపు స్టాంపు దొరకనప్పుడు జవాబు రుసుము చెల్లించడానికి 1907 నుంచి అంతర్జాతీయ రిప్లై కూపన్లు ఉండేవి. బ్రిటన్, అమెరికా సహా చాలా దేశాలు వాటి అమ్మకం ఆపేశాయి. అంటార్కిటికాలోని పోర్ట్ లాక్‌రాయ్ వంటి చోట్ల నుంచి జవాబు రావడానికి నెలలు పడుతుంది. వనువాటులో 2003లో సముద్రం లోపలే పోస్టాఫీసు తెరిచారు, నీటిలో సిరా నిలవదు కాబట్టి అక్కడ కార్డు మీద ఉబ్బెత్తుగా ముద్ర నొక్కుతారు.

దాచడంలో శత్రువులు మూడు. వెలుతురు, తేమ, చవక ప్లాస్టిక్. పీవీసీ సంచులు కొన్నేళ్లకు జిడ్డు వదిలి సిరాను కరిగిస్తాయి, పాలియెస్టర్ సంచులు మేలు. సెల్లోటేపు, ఇనుప క్లిప్పు, రబ్బరు బ్యాండు దగ్గరకు రానివ్వకూడదు. లోపల ఉత్తరం ఉంటే దాన్ని కవరుతోనే ఉంచాలి. రెంటినీ విడదీస్తే కొన్నాళ్లకు ఏది దేనిదో ఎవరికీ తెలియదు.

ఇవాళ్టి కవర్లను చిన్నచూపు చూసేవాళ్లు చాలామంది. యంత్రం చల్లిన సిరా చుక్కల్లో ఊరి పేరు సగం చెరిగిపోతుంది, ముదురు రంగు కవరు మీద అసలే కనిపించదు. జర్మనీలో 2020 డిసెంబరు నుంచి ఫోనులో కొన్న కోడ్‌ను కవరు మూలలో పెన్నుతో రాస్తే చాలు, స్టాంపే అక్కర్లేదు. డెన్మార్క్‌లో 1624 నుంచి నడిచిన ప్రభుత్వ తపాలా ఉత్తరాల బట్వాడా 2025 చివరితో ముగిసింది, ఇప్పుడు ఆ పని ప్రైవేటు సంస్థ చేస్తోంది. ఇంత తొందరగా మారిపోతున్న కాలపు కవర్లే రేపు దొరకనివి అవుతాయి. అమెరికాలో అయితే వర్గీకరణ యంత్రాలు కవరు వెనుక నారింజ రంగులో సన్నని గీతలు కొడతాయి. చదవడం తెలిస్తే వాటిలో యంత్రం సంఖ్య, నెలలో ఏ రోజు, ఏ అరగంటలో ఉత్తరం యంత్రం దాటిందన్నది తెలుస్తుంది. నెల పేరు, సంవత్సరం మాత్రం వాటిలో ఉండవు. కాబట్టి అందుకున్న రోజే కవరు వెనుక పెన్సిల్‌తో సన్నగా తేదీ రాసిపెట్టండి. పెన్ను వాడకండి.